చిన్న గేటుకు ఇటువైపు

“హీటర్ నాదే అని రాసిచ్చింది మీ కూతురు. కింద సంతకం కూడా పెట్టింది,” అంటూ వార్డెన్ ఆ కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పడేసింది. “ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకాలన్నా నాన్నా రా అని కేకేసే పిల్ల. దానికి నీళ్లు కాచుకునే హీటరొకటి.”

బల్లకు అవతల కూర్చున్న ఆమె భర్త, కాలేజీ ఎలక్ట్రీషియన్, కాగితం వంక చూడలేదు. ఆయన కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. నిన్న పొద్దున హాస్టల్ రెండో అంతస్తులో ఇరవై మూడో నంబరు గది తగలబడినప్పటి నుంచి ఆ మనిషి గట్టిగా పది మాటలు మాట్లాడి ఉంటే ఒట్టు.

“నాలుగింటికి ప్రిన్సిపాల్ గారి గదిలో విచారణ. అమ్మడు ఈ కాగితం మీదే నిలబడితే, ఆరింటికల్లా పెట్టె సర్దుకుని మెయిన్ గేటు దాటాలి. సోమవారం నుంచి ప్రాక్టికల్స్. ఆఖరి సంవత్సరం. వినపడుతోందా మీకు?”

“వినపడుతోంది.”

“వినపడితే ఏదో ఒకటి అనండి.”

“ఏమనమంటావు?”

అదీ ఆయన వరస. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఏ పెద్ద విషయమొచ్చినా సరిగ్గా ఇక్కడికొచ్చి ఆగిపోయేది. ఆమె అడిగేది, ఆయన ఎదురడిగేవాడు, చివరికి ఆమే ఏదో ఒకటి తేల్చుకునేది.

కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ముసలావిడ బఠాణీలు ఒలుస్తోంది. ఎలక్ట్రీషియన్ తల్లి. చెవులు రెండూ శుభ్రంగా పనిచేస్తాయి, అదే ఆ ఇంట్లో వాళ్లకున్న ఇబ్బంది.

“గేటు దాటడం దేనికి? హాస్టల్లో ఉండొద్దంటే ఇంట్లో ఉంటుంది,” అంది. “ఇక్కడికీ అక్కడికీ యాభై అడుగులు. కాళ్లు కూడా నొప్పెట్టవు.”

“ఉండకూడదు అత్తయ్యా.”

“సొంత ఇంట్లోనా?”

“ఇది సొంత ఇల్లు కాదు. కాలేజీ ఇచ్చిన ఇల్లు.”

ఆ సంగతి నీలం అట్ట నియమాల పుస్తకంలో పంతొమ్మిదో నియమం కింద ఉంది. హాస్టల్ నుంచి తొలగించిన విద్యార్థిని ప్రాంగణంలో ఎక్కడా, సిబ్బంది ఇళ్లతో సహా, ఉండరాదు. ‘సిబ్బంది ఇళ్లతో సహా’ అన్న మూడు మాటలూ మొదట లేవు. ఆరేళ్ల కిందట ఒక పిల్లని తీసేస్తే, ఆ పిల్ల వంటావిడ ఇంట్లో మకాం పెట్టి వెనక మెట్ల మీంచి మళ్లీ హాస్టల్లోకి వస్తూ పోతూ దొరికింది. అప్పుడు కూర్చుని ఆ మూడు మాటలూ చేర్చింది వార్డెనే. ముందుచూపున్న మనిషివమ్మా అని ప్రిన్సిపాల్ మెచ్చుకుంటే ఆ రోజంతా ఆమె మొహం వెలిగిపోయింది. అప్పటికి అమ్మడు స్కూల్లో చదువుతోంది.

“నువ్వు రాసిందేగా. కొట్టెయ్,” అంది ముసలావిడ.

“అచ్చయింది అత్తయ్యా.”

“అచ్చయితే ఏం? అందులో తుమ్మడానికి కూడా టైము రాసే ఉంటావు నువ్వు. ఎవరైనా పాటిస్తున్నారా?”

వార్డెన్ నవ్వలేదు. మామూలు రోజైతే నవ్వేది.

బయట గది చూసుకుంటే సరిపోదూ అని అనుకోవచ్చు. ఆ ఊళ్లో ఆడపిల్లల్ని ఉంచుకునే హాస్టళ్లు మూడే ఉన్నాయి. మూడింట్లోనూ పాత వార్డెన్ ఇచ్చిన నడవడి కాగితం లేకుండా గుమ్మం కూడా తొక్కనివ్వరు. పాత వార్డెన్ ఎవరంటే కన్నతల్లే. తీసేసిన పిల్లకి కాగితం ఇవ్వకూడదని ఇరవయ్యో నియమం. మేనత్త ఊరు రైల్లో నాలుగు గంటలు. అక్కడి నుంచి పొద్దున్నే ఎనిమిదింటికి ల్యాబ్‌కి రావడం ఎవరి వల్లా కాదు. ప్రాక్టికల్స్ పోతే ఏడాది పోయినట్టే.

“ఆ హీటర్ ఎవరిదో మీకూ తెలుసు, నాకూ తెలుసు,” అంది వార్డెన్. “దగ్గుపిల్లది.”

అమ్మడి గదిలో ఉండే రెండో పిల్లని హాస్టలంతా అలాగే పిలుస్తుంది. మొదటి ఏడాది నుంచి ఉబ్బసం. చలి మొదలైతే పడుకోలేదు, మంచం మీద దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీస్తుంది. వేడినీళ్ల ఆవిరి పడితే గాని ఊపిరాడదు. హాస్టల్లో వేడినీళ్లు పొద్దున ఐదున్నర నుంచి ఏడింటి దాకా. ఏడు దాటితే వంటగదికి తాళం. అదీ నియమమే, అదీ వార్డెన్ రాసిందే.

“దానిదే,” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“మరి ఇదెందుకు నెత్తినేసుకోవాలి?”

“ఆ పిల్లని హాస్టల్ నుంచి తీసేస్తే వాళ్ల నాన్న చదువు మాన్పించేస్తాడట. ఇప్పటికే ఎందుకీ రోగిష్టిదానికి చదువు అంటున్నాడట. అమ్మడు చెప్పింది.”

“ఎప్పుడు చెప్పింది? నాతో ముక్క కూడా అనలేదే.”

“నీతో ఎప్పుడంటుంది? పగలంతా మేడమ్‌వి.”

ఆ మాట పడవలసిన చోటే పడింది. హాస్టల్‌కూ సిబ్బంది ఇళ్లకూ మధ్య నడుమెత్తు ఇనప గేటు ఒకటుంది. చేరిన మొదటి రోజే తల్లీకూతుళ్లు అక్కడ నిలబడి ఒప్పందం చేసుకున్నారు. గేటుకు అటువైపు మేడమ్, ఇటువైపు అమ్మ. మొదట్లో అమ్మడు రెండు మూడుసార్లు మరిచిపోయి మెస్ హాల్లో అమ్మా అని పిలిచింది. వార్డెన్ వినపడనట్టే ముందుకు నడిచింది. ఆ తర్వాత ఆ పిల్ల మరిచిపోలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు మాత్రం, చిన్న గేటు దాటిన మరుక్షణం, అమ్మా అమ్మా అమ్మా అని వారానికి సరిపడా పిలుచుకునేది.

వార్డెన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది.

“హీటర్ సంగతి అలా ఉంచండి. గదిలో ఉన్నది ఫోన్ చార్జింగ్‌కి పనికొచ్చే చిన్న ప్లగ్గు. అందులో హీటర్ పెడితే క్షణంలో మాడిపోతుంది. నిన్న లోపలికెళ్లి చూశాను. బీరువా వెనక పెద్ద ప్లగ్గుంది. నడవాలోంచి పైపు వేసి లాగారు. జానెడుకొక క్లిప్పు.”

ఆయన కంచం పక్కకి జరిపాడు.

“స్క్రూల గీతలన్నీ నిలువుగా ఉన్నాయి,” అంది.

ముసలావిడ చేతిలో బఠాణీలు ఆగిపోయాయి. ఆ ఇంట్లో స్విచ్ బోర్డులన్నిటి మీదా స్క్రూల గీతలు నిలువుగానే ఉంటాయి. బిగించడం అయ్యాక ప్రతి స్క్రూనీ ఓ పావు తిప్పో అర తిప్పో తిప్పి నిలువుకి తెస్తాడాయన. ఎవరు చూస్తారురా అని తల్లి ఎప్పుడూ వెక్కిరిస్తూనే ఉంటుంది. నేను చూస్తానుగా అంటాడు.

“ఎప్పుడు పెట్టారు?”

“నెలయింది. స్పోర్ట్స్ డే రోజు. పిల్లలందరూ గ్రౌండ్‌లో ఉంటే.”

“నాకు చెప్పకుండా.”

“చెప్తే వద్దంటావు.”

“అంటాను. వద్దనడమే నా ఉద్యోగం.”

“అందుకే చెప్పలేదు,” అన్నాడాయన. తర్వాత ఉన్నట్టుండి తల ఎత్తాడు. “వైరింగ్‌లో తప్పు లేదు. మంచి వైరే వేశాను, ఎర్త్ ఇచ్చాను. నా పనివల్ల అంటుకోలేదది.”

“మరెందుకంటుకుంది?”

ఆయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. నిన్న పొద్దున ఏడున్నరకి మోటారు రిపేరు కోసం మెయిన్ ఆపింది ఆయనే. అప్పటికి దగ్గుపిల్ల బకెట్లో హీటర్ పెట్టుకుని కూర్చుంది. కరెంటు పోయింది. పోయింది కదా అని స్విచ్ ఆపకుండానే ఇద్దరూ క్లాసుకి వెళ్లిపోయారు. బకెట్లో ఉన్నవి అడుగున నాలుగు నీళ్లు. పదీ నలభైకి ఆయన మెయిన్ ఎత్తాడు. నీళ్లు ఇగిరిపోయాయి, బకెట్ కరిగింది, పరుపంటుకుంది. నోటుబుక్కు కోసం వచ్చిన దగ్గుపిల్ల పొగ చూసి, బుర్ర పనిచేయక, కాలుతున్న బకెట్‌ని చేత్తో పట్టుకుని లాగింది.

“కరెంటు ఇచ్చింది నేను,” అన్నాడు. “ఈ చేత్తోనే.”

వార్డెన్ చాలాసేపు ఆయన చేతి వంకే చూసింది. తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఏ తిట్టు తీసినా అది తనకీ తగిలేలా ఉంది.

“నేను వెళ్లి చెప్పేస్తాను,” అన్నాడాయన. “ప్లగ్గు పెట్టింది నేనని.”

“చెప్తే మీ ఉద్యోగం పోతుంది. భర్త దొంగ కనెక్షన్ ఇస్తే భార్యకి తెలీదా అని నన్నూ పీకేస్తారు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. అత్తయ్యని తీసుకుని ఎక్కడికెళ్దాం?”

“నన్నడ్డం పెట్టకు,” అంది ముసలావిడ.

“మరి అమ్మడు?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“నేను చూసుకుంటాను. మీరు మాత్రం నోరెత్తకండి. నా మీద ఒట్టు.”

ఎలా చూసుకుంటుందో ఆమెకే తెలీదు. అలవాటు కొద్దీ అనేసింది.

*

మూడింటికి వార్డెన్ సిక్ రూముకి వెళ్లింది. దగ్గుపిల్ల మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. మందుల వాసనకి కిటికీ తెరిచి పెట్టారు.

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది మేడమ్,” అని లేవబోయి దగ్గింది. దగ్గు తగ్గడానికి కొంచెంసేపు పట్టింది.

వార్డెన్ చేతిలో తెల్లకాగితం, పెన్ను ఉన్నాయి. దారిలో ఏం చెప్పాలో అంతా కూర్చుకుంది. నిజం రాయమ్మా, నిజం రాస్తే అందరికీ మంచిది. ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది పిల్లలకి చెప్పిన మాటే. ఇవాళ మాత్రం నాలుక కదలడం లేదు.

పిల్ల ఆ కాగితం చూసింది.

“హీటర్ నాదేనని రాయమంటారా మేడమ్? రాసేస్తాను. తను వద్దని ఒట్టు పెట్టించుకుంది గాని నాకు నిన్నట్నుంచీ నిద్ర లేదు. నేనే తెచ్చుకున్నాను. ఊరి నుంచి చీరలో చుట్టుకుని తెచ్చుకున్నాను.”

“మీ నాన్నగారు ఎప్పుడొస్తున్నారు?”

“రేపు. చెయ్యి చూడ్డానికి కాదు మేడమ్, తీసుకెళ్లిపోవడానికి. అమ్మ ఫోన్లో చెప్పింది. కాలేజీ వాళ్లు ఒక్క మాటన్నా ఇక పంపరట.” పిల్ల ఎడమ చెయ్యి చాపింది. “ఇలా ఇవ్వండి. అక్షరాలు బాగా రావేమో.”

ఎడం చేత్తో పెన్ను పట్టుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ‘నేను’ అని రాసింది. చిన్నపిల్లలు రాసినట్టు వంకరగా వచ్చింది. ఆ ఒక్క మాటకే చెమటలు పట్టాయి.

సొంత కూతురు గట్టెక్కాలంటే ఇంకో రెండు వాక్యాలు చాలు. వార్డెన్ ఆ పక్కన నిలబడి రెండు వాక్యాల కోసం ఎదురుచూసింది. అవును, ఎదురుచూసింది. ఆ సంగతి దాచి లాభం లేదు.

పిల్ల మళ్లీ దగ్గింది. పెన్ను జారి మంచం కింద పడింది.

వార్డెన్ వంగి పెన్ను తీసింది. కాగితం కూడా తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

“పడుకో,” అంది. “ఏం రాయక్కర్లేదు.”

“మరి తను?”

“నాకు తెలీదమ్మా,” అంది వార్డెన్. తెలీదు అన్న మాట ఆ హాస్టల్లో ఒక పిల్లతో ఆమె అనడం అదే మొదటిసారి.

*

నాలుగింటికి ప్రిన్సిపాల్ గదిలో నలుగురున్నారు. ప్రిన్సిపాల్ మంచాయన. మంచాయన కావడం వల్ల పని ఇంకా కష్టమైంది, కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరికీ వీల్లేదు. ఆయనకెదురుగా అమ్మడు నిలబడింది. పక్క కుర్చీలో వార్డెన్. కాలిన ప్లగ్గు అట్టపెట్టెలో పట్టుకుని తలుపు దగ్గర ఎలక్ట్రీషియన్.

“కాగితం చదివాను,” అన్నాడు ప్రిన్సిపాల్. “హీటర్ నీదేనా?”

“నాదే సార్.”

“ప్లగ్గెవరు పెట్టారు?”

అమ్మడు చూపు బల్ల మీది కాగితం మీదే ఉంచింది. ప్రిన్సిపాల్ ఎలక్ట్రీషియన్ వైపు తిరిగాడు.

“మీరు చెప్పండి. చూశారుగా. ఇది ఎవరో ఆకతాయి పని కాదు, పని తెలిసినవాడు చేసింది. మన సిబ్బందిలో ఎవరైనా పెట్టి ఉంటే ఈ ఫైలు దారే వేరు. అమ్మాయికి ఒక మందలింపు కాగితం ఇచ్చి వదిలేస్తాం. పెట్టినవాడి సంగతి చూస్తాం.”

ఎలక్ట్రీషియన్ భార్య వైపు చూశాడు. వార్డెన్ తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. కానీ ఆయన వంక చూసిన చూపు చాలు. ఆయన పెదవులు విడివడి మళ్లీ మూసుకున్నాయి.

“బయట మనిషిని పిలిచాను సార్,” అంది అమ్మడు.

“బయట మనిషినా? ఆడపిల్లల హాస్టల్లోకి?”

“స్పోర్ట్స్ డే రోజు. ఎవరూ లేనప్పుడు.”

తండ్రిని కాపాడుకోవడానికి ఆ పిల్ల తన మీద ఎంత పెద్ద నింద వేసుకుందో ఆ గదిలో ముగ్గురికి తెలుసు. తెలియని మనిషి ఒక్క ప్రిన్సిపాలే, నిర్ణయం ఆయన చేతిలో ఉంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఫైల్లోంచి ఇంకో కాగితం తీశాడు. శనివారం షీటు.

ఆ హాస్టల్లో ప్రతి శనివారం వార్డెన్ గది గదికీ వెళ్లి బీరువాలు తెరిపించి చూస్తుంది. నిషేధించిన వస్తువులు లేవు అని గది తరఫున ఒక పిల్ల సంతకం చేస్తుంది, చూశాను అని వార్డెన్ పొట్టి సంతకం పెడుతుంది. ఇరవై మూడో గది తరఫున అమ్మడి సంతకం. పక్కన వార్డెన్ పొట్టి సంతకం.

“పోయిన శనివారం మీరు చూశారు కదమ్మా?” అన్నాడు ప్రిన్సిపాల్. “అడగాలి కాబట్టి అడుగుతున్నాను. బీరువా జరిపి ఉండరు. హీటర్ అయినా కనపడలేదా?”

వార్డెన్ షీటు మీది తన సంతకం వంక చూసింది.

నిన్న మంట ఆరాక వెళ్లడం తప్ప, ఆమె ఆ గదిలో అడుగు పెట్టి మూడేళ్లయింది. అమ్మడు చేరిన నెలలోనే ఎవరో ఫిర్యాదుల పెట్టెలో చీటీ వేశారు. వార్డెన్ కూతురి గదిలో ఏనుగున్నా ఆవిడకి కనపడదు అని. ఆ చీటీ ఆమెని బాగా పొడిచింది. కూతుర్ని వెనకేసుకొస్తోందన్న మాట పడకూడదని, ఆ రోజు నుంచి ఆ గదిలోకి వెళ్లడమే మానేసింది. మెట్ల చివర నిలబడి షీటు అందించేది. అమ్మడు సంతకం పెట్టి తెచ్చేది. దాని పక్కన తను పొట్టి సంతకం గీకేది. పక్షపాతం లేదని చూపించుకోవడానికి, హాస్టల్ మొత్తంలో ఆ ఒక్క గదినే చూడకుండా వదిలేసింది. తన కూతురు తప్పు చెయ్యదన్న నమ్మకం కూడా ఉంది. అది కూడా పక్షపాతమేనని ఇన్నాళ్లూ తోచలేదు.

“అమ్మా, మిమ్మల్నే.”

“సార్, నేను...”

“మేడమ్ చూశారు సార్,” అంది అమ్మడు. “ప్రతి వారం చూసేవారు. నేనే హీటర్‌ని పుస్తకాల పెట్టెలో అడుగున దాచేదాన్ని. మేడమ్‌కి తెలీదు.”

తల్లి వంక చూడకుండా, గోడ మీది గడియారం వంక చూస్తూ చెప్పింది. మేడమ్ అన్న మాట మూడేళ్లుగా పలికి పలికి నునుపెక్కింది.

వార్డెన్ లేచి నిలబడి కాదు సార్ అని ఉండాల్సింది. నేను చూడలేదు, సంతకం దొంగది అని ఉండాల్సింది. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు చెప్తే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, పిల్ల ఎలాగూ పోతుంది అని లోపల ఎవరో లెక్క చెప్తూనే ఉన్నారు. ఆ లెక్క ముగిసేసరికి మాట్లాడాల్సిన సమయం దాటిపోయింది.

“దాచిపెట్టి సంతకం చేశావన్నమాట,” అన్నాడు ప్రిన్సిపాల్ విచారంగా. “అది ఇంకా తప్పమ్మా. నిన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నా చేతుల్లో ఏమీ లేదు.”

తొలగింపు కాగితం మీద ముందు ఆయన సంతకం చేశాడు. వార్డెన్ సంతకం లేకుండా ఆ కాగితం చెల్లదు. కాగితం ఆమె ముందుకి జరిపాడు.

“సిబ్బందిలో ఎవరైనా ఇంకేదైనా చెప్పదలచుకుంటే ఆరింటి లోపల రాసివ్వమనండి. మీ ద్వారానే రావాలి, మీకు తెలిసిందే. ఆరు దాటితే ఫైలు యూనివర్సిటీకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత నేను వెనక్కి తేలేను.”

ఆయన ఎవరి వంకా చూడకుండా అన్నాడు. ఏమైనా అనుమానించాడో లేదో చెప్పడం కష్టం.

వార్డెన్ సంతకం చేసింది. ఈసారి పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు.

*

ఐదుంపావుకి ఇంటికొచ్చి కూర్చుంది. ఎలక్ట్రీషియన్ రాలేదు. మోటారు గదిలో ఉన్నాడని ఎవరో అన్నారు.

“ఏమైంది?” అంది ముసలావిడ.

“సంతకం పెట్టాను.”

ముసలావిడ ఒలిచిన బఠాణీల గిన్నె మీద మూత పెట్టింది. ఎగతాళి చేస్తుందేమో, కనీసం తిడుతుందేమో అని వార్డెన్ ఎదురుచూసింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ఎంతసేపు అలా కూర్చుందో తెలీదు. వీధి తలుపు దగ్గర చప్పుడైంది.

గుమ్మం బయట అమ్మడు నిలబడింది. ఒక చేతిలో పెట్టె, భుజానికి సంచీ. కొంచెం వెనగ్గా రిజిస్టరు చంకలో పెట్టుకుని వాచ్‌మన్. తీసేసిన పిల్లని మెయిన్ గేటు దాకా దిగబెట్టి టైము రాయడం అతని పని. పాపం, అతను చెట్ల వంక చూస్తున్నాడు.

“రా లోపలికి,” అంది ముసలావిడ మంచం మీంచి లేచి కూర్చుంటూ. “అలా నిలబడ్డావేం? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో.”

“వద్దు నాయనమ్మా. రాకూడదు.”

“ఎవడే చెప్పింది?”

అమ్మడు సంచీ భుజం మార్చుకుంది.

“ఎక్కడికెళ్తున్నావు?” అంది వార్డెన్.

“అత్త దగ్గరికి. ఆరున్నరకి రైలుంది.”

“ప్రాక్టికల్స్?”

“చూద్దాం.”

చూద్దాం అంటే ఏమీ లేదని అర్థం. ఆ మాట ఆ పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుందో వార్డెన్‌కి తెలుసు.

చిన్న గేటు అమ్మడి వెనక ఉంది. అంటే దాటే వచ్చింది. మూడేళ్ల ఒప్పందం ప్రకారం ఇక్కడ పిలవాల్సిన పిలుపు వేరు. తల్లి ఆ పిలుపు కోసమే చూస్తోంది. ఒక్కసారి పిలిస్తే చాలు, ఏడ్చి కావిలించుకుని ఏదో ఒకటి చేసేసేదేమో.

అమ్మడు వాచ్‌మన్ వైపోసారి చూసి ఇటు తిరిగింది.

“మేడమ్,” అంది మెల్లగా. “మా ఇంట్లో నా స్వెటర్ ఉండిపోయింది. కాస్త తెచ్చిస్తారా?”

వార్డెన్ లోపలికెళ్లింది. వెళ్లిందని కూడా ఆమెకి తెలీదు. కాళ్లే తీసుకెళ్లాయి.

స్వెటర్ పడగ్గది తలుపు వెనక కొక్కానికి వేలాడుతోంది. తీసుకుని వెనక్కి తిరిగితే, అక్కడి బల్ల మీద ఆయన పనిముట్ల సంచీ కనపడింది. మధ్యాహ్నం అక్కడ లేదది. ఆమె ఇంటికొచ్చే లోపే పెరటి తలుపులోంచి వచ్చి పెట్టి వెళ్లాడు. సంచీ కింద ఒక కాగితం. సంచీని కాగితం ఎగిరిపోకుండా బరువుకి పెట్టినట్టుంది.

ఆయన అక్షరాలు స్క్రూలలాగే నిటారుగా ఉంటాయి.

‘ప్రిన్సిపాల్ గారికి. వార్డెన్ గారి ద్వారా. ఇరవై మూడో గదిలో ప్లగ్గు పెట్టింది నేను. బయట మనిషి ఎవరూ రాలేదు. నిన్న పొద్దున మెయిన్ ఇచ్చింది కూడా నేనే. అమ్మాయికి సంబంధం లేదు.’

కింద ఆయన సంతకం. దాని పక్కన ‘పంపడమైనది’ అని రాసి, వార్డెన్ సంతకానికి ఒక గీత గీసి వదిలేశాడు.

నోరెత్తనని పెట్టిన ఒట్టు నిలబెట్టుకున్నాడు. నోరెత్తలేదు. రాసి ఆమె ముందు పెట్టి తప్పుకున్నాడు, ఎప్పట్లాగే. ఏమనమంటావు అని ఇరవై రెండేళ్లుగా అడుగుతున్నది ఇప్పుడు గీత గీసి అడిగాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. మరుక్షణం ఆ కోపం కూడా నిలవలేదు.

ఆ గీత మీద సంతకం పెడితే పిల్ల ఉంటుంది, చదువు ఉంటుంది. ఇల్లు ఉండదు, ఇద్దరి ఉద్యోగాలూ ఉండవు, మంచం మీది ముసలావిడకి రేపు పడుకోవడానికి మంచం ఎక్కడ వెయ్యాలో తెలీదు. పెట్టకపోతే అన్నీ ఉంటాయి. ఆదివారాలు మాత్రం ఉండవు.

గడియారంలో ఐదూ యాభై ఒకటి. ప్రిన్సిపాల్ గదికి నడిస్తే ఐదు నిమిషాలు. ఆమె పెన్ను కోసం భుజానున్న చేతిసంచీలో తడుముకుంది. సిక్ రూములో దగ్గుపిల్ల రాసిన కాగితం చేతికి తగిలింది, నాలుగు మడతల్లో, ‘నేను’ అన్న ఒక్క మాటతో.

ఒక చేతిలో స్వెటర్. ఒక చేతిలో ఆ రెండు కాగితాలు. ముందు గదిలో ముసలావిడ ఏదో అంటోంది, ఏమంటోందో వినపడటం లేదు.

“మేడమ్,” అని గుమ్మంలోంచి పిలిచింది అమ్మడు. “టైమైపోతోంది.”